'వలె' అనే చిన్నమాట

అలంకారాలు చెప్పుకొని బతికే పంతులుకు చంద్రుడితో ఎంత పని ఉంటుందో మీకు తెలియదు. పదిహేడేళ్ళుగా నేను నల్లబల్ల మీద చంద్రుణ్ణి, పద్మాన్ని, సింహాన్ని రాస్తూ చెరుపుతూ ఉన్నాను. ముఖం చంద్రునివలె ఉన్నదంటాను, పిల్లలు రాసుకొంటారు. ఎవరి ముఖమని గాని, పున్నమి చంద్రుడా విదియ చంద్రుడా అని గాని ఇంతవరకూ అడిగినవాళ్ళు లేరు. ఆ మధ్య ఒకనాడు నాకే విసుగుపుట్టి, "చంద్రుడు లేని ఉపమ ఒకటి చెప్పండి చూద్దాం" అన్నాను.

కొంతసేపు ఎవరూ కదలలేదు. తరువాత ఆఖరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. దేవరకొండ వైపునుంచి నల్లగొండకు వచ్చి హాస్టల్లో ఉండి చదువుకొంటున్నది. ఆమె బైబిల్లోని ఆజ్ఞ చెప్పింది: మనిషి తన్ను తాను ప్రేమించుకొన్నట్టే పొరుగువాణ్ణి కూడా ప్రేమించాలన్నది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. నేను మాత్రం సంబరపడిపోయి దాన్ని బల్ల మీద విడగొట్టాను. పొరుగువాడు ఉపమేయం. తాను ఉపమానం. ప్రేమించటం సమానధర్మం. 'వలె' ఉపమావాచకం. నాలుగూ ఉన్నవి గనుక పూర్ణోపమ. ఇంతలో గంట కొట్టారు.

ఆ అమ్మాయి స్టాఫురూము గుమ్మం దాకా వచ్చి నిలబడ్డది.

"సార్, ఉపమానం అంటే అందరికీ తెలిసిందీ, ఉపమేయం కంటె గొప్పదీ అయ్యుండాలని చెప్పిండ్రు గద?"

"అవునమ్మా."

"మరి మా దగ్గర తన్ను తాను ప్రేమించుకునుడే పాపమంటరు. ఉండగూడనిదాన్ని తెచ్చి ఉపమానం ఎట్ల జేస్తరు సార్?"

ఇట్లాంటి ఆపదలో అధ్యాపకులకు ఒక ఆయుధం ఉన్నది: "రేపు మాట్లాడదాం." నేను దాన్నే ప్రయోగించాను. ఆ రేపు రావటానికి వారం రోజులు పట్టింది.

నేను కూడా ఆ మతంలోనే పుట్టినవాణ్ణి. పాలమూరు జిల్లాలో మా ఊరి చర్చిలో, పెద్దలు ఎంత గట్టిగా ప్రార్థిస్తే తమ్మును తాము అంత తక్కువచేసి చెప్పుకొనేవారు. పనికిరాని పాత్రను అని ఒకరంటే, పురుగువంటివాణ్ణని ఇంకొకరు. చిన్నతనంలో నాకది పోటీలాగా కనిపించేది. వాళ్ళ తప్పేమీ లేదు. గ్రంథంలో ఆ పోలికలు ఉన్నవే. తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ ఎత్తుకోమన్న మాట ఉన్నది. చెడ్డకాలంలో మనుషులు ఎట్లా ఉంటారో చెబుతూ పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఒక జాబితా ఇచ్చాడు. అందులో తమ్ము తామే ప్రేమించుకొనేవాళ్ళది మొదటి పేరు, డబ్బును ప్రేమించేవాళ్ళది ఆ తరువాతి పేరు. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ కూడా స్వప్రేమను ఒక పీడగానే లెక్కగట్టాడు. ఆ అమ్మాయి విన్నది ఎవరో కల్పించిన మాట కాదు.

కాని 'వలె' ఉన్నది. అది గొంతులో ముల్లులాగా దిగదు. పైగా మన అనువాదకులు 'నీవలె' అనలేదు, 'నిన్నువలె' అని ద్వితీయా విభక్తి వేశారు. అంటే అక్కడ 'నీవు' ప్రేమించేవాడివి మాత్రమే కావు, ప్రేమ పొందేవాడివి కూడా. ఒక్క విభక్తి ప్రత్యయం ఎంత పని చేస్తుందో చూడండి. (వ్యాకరణం ఎందుకు సార్ అని ఏటేటా అడిగే పిల్లలు ఈ పత్రిక చదువుతుంటే బాగుండును.)

ఆ ఆజ్ఞ ఏసు నోట మొదటిసారి పుట్టింది కాదు. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఉన్నది. దాని చుట్టూ ఏమున్నదో చూస్తే మన మెట్టపొలాల మనిషికి ఆశ్చర్యం కలుగుతుంది. పంట కోసేటప్పుడు పొలం అంచులదాకా కోయవద్దు, రాలిన పరిగెను బీదవాళ్ళకూ పరదేశులకూ వదలిపెట్టు అని ఉన్నది. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉన్నది. చెవిటివాణ్ణి తిట్టవద్దని, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టవద్దని ఉన్నది. ఈ వరసలో వస్తుంది పొరుగువాడి మాట. అంటే అక్కడ పొరుగువాడు పక్కమేడవాడు కాదు, పరిగె ఏరుకొనేవాడు, కూలివాడు.

మరి ఆ ఆజ్ఞ ఎవరితో చెబుతున్నారు? పొలం ఉన్నవాడితో, కూలి ఇచ్చేవాడితో. వాడికి తనమీద తనకు ప్రేమ ఉండి తీరుతుంది. కొలమానం వాడి ఇంట్లోనే ఉన్నది. ఆ కొలతతోనే కూలివాడికి కూడా కొలిచిపెట్టమంటున్నారు. బాగానే ఉన్నది. కాని అదే వాక్యం కూలివాడు విన్నప్పుడో?

అగస్టీను మహాశయుడు, నాలుగో శతాబ్దం చివర, దీన్ని గురించి ఆలోచించాడు. ఆయన బిషప్పు కాకముందు నావలె అలంకారశాస్త్రం చెప్పిన పంతులే. తన్ను తాను ప్రేమించుకోమని మనిషికి వేరే ఆజ్ఞ ఇవ్వవలసిన అవసరం లేదన్నాడాయన. అది ఎవరికైనా స్వభావంగా ఉండేదేనట. తోటి పంతులుగారిమీద గౌరవం ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. ఆయన నిజాం కాలంలో నల్లగొండ జిల్లా గడి ముందు నిలబడ్డ వెట్టిమనిషిని చూడలేదు.

"నీ బాంచెన్ దొరా, కాల్మొక్త." ఈ వాక్యాన్ని సినిమాల్లో విన్నవాళ్ళకు అది ఒక యాస మాత్రమే. బాంచ అంటే బానిస. పొద్దున లేచింది మొదలు మనిషి తన్ను గురించి తాను చెప్పుకొనే మొదటి మాట అది. తండ్రి చెప్పాడు, తాత చెప్పాడు. అట్లాంటివాడి దగ్గరకు వెళ్ళి, నిన్ను నీవు ప్రేమించుకొన్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించమంటే, వాడికి అర్థమయ్యేదేమిటి? పొరుగువాణ్ణి కూడా బాంచను చేసుకోమనా?

1890 లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే దంపతులు నల్లగొండలో కాపురం పెట్టారు. వాళ్ళు ఇంగ్లీషువాళ్ళు కారు, అమెరికావాళ్ళూ కారు. దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, జర్మను మాట్లాడే మెన్నోనైటు కుటుంబాలవాళ్ళు. ఆయుధం పట్టం అన్నందుకు తరతరాలుగా దేశాలు పట్టి తిరిగిన జనం అది. అదే ఏడు పాలమూరుకు ఆరో నిజాం పేరుమీద మహబూబ్‌నగర్ అని పేరు మార్చారు. 1899 నుంచి అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరన్‌వారు కూడా రావటం మొదలుపెట్టి, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి వైపు కేంద్రాలు పెట్టుకొన్నారు. వాళ్ళ మాట విన్నవాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ వాడలవాళ్ళు.

వాళ్ళు ఏ వేదాంతం చెప్పారో మా తాత నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన చెప్పింది ఒక రాత్రిబడి సంగతి. ఊళ్ళో ఆయన పేరు చివర 'గాడు' ఉండేది. వాళ్ళ నాన్నకూ 'గాడే'. బడిలో చేరిన మొదటిరోజు పంతులు రిజిస్టరు తెరిచి హాజరు పిలుస్తూ, చివర 'అయ్య' చేర్చి పిలిచాడట. మా తాత పలకలేదు. ఆ అయ్య ఎవరో పెద్దమనిషి అనుకొని వెనక్కి తిరిగి చూశాడట. మూడోసారి పిలిచినప్పుడు పక్కవాడు పొడిస్తే లేచి నిలబడ్డాడు. ఆ రాత్రి ఇంటికి పరిగెత్తి, "అమ్మా, నేను అయ్యనట!" అంటే, ఆమె నోరు మూసి, "మెల్లగ అను, దొర ఇంటడు" అన్నదట. ఈ కథ ఆయన నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసి చూపించేవాడు.

ఒక ప్రత్యయం మారింది, అంతే. కాని ఉపమానం అక్కడ పుట్టింది.

అట్లాగని మిషను చరిత్రకు పూలమాల వేసి కూర్చోలేను. తెల్లపాదిరిని కూడా మావాళ్ళు 'దొర' అనే పిలిచారు, ఆయన భార్యను 'దొరసాని' అన్నారు. ఆ పిలుపు మానుకోమని ఎంతమంది పట్టుబట్టారో గాని, మాట మాత్రం నిలిచిపోయింది. బంగళా వేరుగా ఉండేది. చర్చి లోపల మాల మాదిగ తేడా చావలేదు. అయినా న్యాయం చెప్పాలంటే, ఎవరూ ముట్టని ఒంటిని ముట్టి పుండు కడిగినవాళ్ళు వాళ్ళే. 1907 లో వచ్చిన కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, 1945 లో షంషాబాదులో కన్నుమూసింది. పురుగునని ప్రార్థనలో చెప్పుకొనే మనిషి కాలిని ఒక డాక్టరు ఒళ్ళో పెట్టుకొని కట్టు కడితే, ఆ మనిషికి రెండింటిలో ఏది నిజమనిపించి ఉంటుంది?

మా తాతకు ఈ చిక్కు రాలేదు. ఆదివారంనాడు అందరికంటె ఎక్కువసేపు మోకరించేవాడు. సోమవారం పటేలు ఎదురైతే మటుకు నిలువుగా నిలబడి "నమస్తే" అనేవాడు. అదేమిటి తాతా అంటే, "మోకాళ్ళు రెండే ఉన్నయి కొడకా. ఒక్క చోటనే అరగనియ్యి" అన్నాడు. పాపి అనే మాటకు ఆయన సిగ్గుపడలేదు. అప్పు పడాలన్నా పద్దుల్లో పేరుండాలి గదా! నీచుడు అంటే మాత్రం ఊరుకొనేవాడు కాదు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా ఆయనకు తెలుసు. మా చర్చి పెద్దలు కొందరికి తెలియదు.

పేరు సంగతి వచ్చింది గనుక ఒక్క మాట. ఈ పిల్లల్లో చాలామందికి రెండు పేర్లుంటవి. చర్చిలో ఒకటి, కాగితాల్లో ఒకటి. 1950 లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే ఉండేది. 1956 లో సిక్కులకు, 1990 లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బి.సి. 'సి' గుంపు, వాటా నూటికి ఒకటి. వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు, కాగితం మాత్రం మారుతుంది. దాని మంచిచెడ్డలు తేల్చటం నా పని కాదు. కాని దేవుడి దగ్గర పలికే పేరు ఆఫీసులో నోట రాకుండా చూసుకొంటూ పెరిగే పిల్లకు తనమీద తనకు గౌరవం ఎట్లా నిలవాలి?

నిలుపుకొన్నవాళ్ళూ ఉన్నారు. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941 లో 'గబ్బిలం' రాసినప్పుడు, గుడిలోకి పోవటానికి అడ్డులేని ఆ జీవిచేత కాశీలోని శివుడికి తన గోడు చెప్పి పంపించాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964 లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. ఆ కాలు ఎవరిది, ఆ చెయ్యి ఎవరిది అని తలుచుకొన్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. జాషువాను గర్విష్ఠి అన్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరి పేరు చివర కూడా 'గాడు' ఉండి ఉండదు.

ఇంత సరంజామా పోగుచేసుకొని వారం తరువాత ఆ అమ్మాయిని పిలిచాను. అగస్టీను గారితో మొదలుపెట్టాను. ఆమె ఓపికగా విని, చివరికి, "సార్, ఇది పరీక్ష కోసం అడగలేదు. మా అమ్మకు చెప్పాలె" అన్నది.

తల్లి ఒక హాస్టల్లో వంట చేస్తుంది. షుగరు ఉన్నది. రెండు నెలలుగా కాలి చిటికెన వేలి పక్క పుండు. దవాఖానకు పొమ్మంటే పోదు. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా కూచుంటుంది, ఆడవాళ్ళ ప్రార్థనకూటం ఆమే నడుపుతుంది. తన కోసం తాను డబ్బు ఖర్చు పెట్టుకోవటం, పని మానుకోవటం స్వార్థమని, స్వార్థం సైతాను బుద్ధి అని ఆమె నమ్మకం. నా వారంరోజుల పాండిత్యం నాకే పేలవంగా కనిపించింది.

ఆ ఆదివారం దేవరకొండ బస్సెక్కాను. దారిలో 1960 లో వాలరీ సేవింగ్ అనే అమెరికా పండితురాలు రాసిన వ్యాసం మాట గుర్తుకొచ్చింది. పాపమంటే గర్వమేనని మగ వేదాంతులు తమ అనుభవాన్నిబట్టి రాశారనీ, ఆడవాళ్ళకు వచ్చే ప్రమాదం దానికి తలకిందులనీ, వాళ్ళు పరుల పనుల్లో తమ్మునే పోగొట్టుకొంటారనీ ఆమె వాదం. గర్వానికి వేసే మందు అట్లాంటివాళ్ళకు వేస్తే జబ్బు ముదురుతుంది. ఇది క్రైస్తవుల ఇళ్ళ సంగతే అనుకోకండి. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తాను తిని, మిగలకపోతే మంచినీళ్ళు తాగే ఇల్లాలిని మీరు ఎక్కడో దూరాన వెతకనక్కరలేదు.

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాను గడప మీద కూర్చున్నది. పుండు చూపించటానికి ఇష్టపడలేదు.

"నొప్పి లేదు సారు. ఊకె నీరు కారుతది, అంతే."

షుగరులో నొప్పి లేకపోవటమే భయపడవలసిన సంగతి. నరాలు మొద్దుబారి కాలు కబురు చెప్పటం మానేస్తుంది. అదే చెప్పాను. ఆమె నవ్వింది.

"నేను నాగా చేస్తే పిల్లలకు ఎవరొండాలె? నా ఒక్క పానానికి గంత ఖర్చా?"

పన్నెండో శతాబ్దంలో బెర్నార్డు అనే సన్యాసి దేవుడిమీది ప్రేమకు నాలుగు మెట్లు చెప్పాడు. మనిషి తన కోసం తన్ను ప్రేమించుకోవటం మొదటిది. తన కోసం దేవుణ్ణి ప్రేమించటం రెండోది. దేవుడి కోసమే దేవుణ్ణి ప్రేమించటం మూడోది. అక్కడితో అయిపోయిందనుకొంటాం. కాని నాలుగోది, అన్నిటికంటె పైది, దేవుడి కోసం తన్ను తాను ప్రేమించుకోవటం. ఇదంతా ఆమెతో చెప్పాలని నోరు తెరిచి, కూతురు ముఖం చూసి మానుకొన్నాను.

"అక్కా, మీ పక్కింటామె కాలికి ఇట్లాంటి పుండు పడి, నొప్పి లేదని కూర్చుంటే మీరేం చేస్తరు?"

"ఏం జేస్త? తిట్టి ఆటోల ఎక్కిస్త. పోయినేడు గట్లనే తోల్కపోయిన."

"పైసలు లేవంటే?"

"నా దగ్గరియి పెడత."

"ఆమెకు చేసినంత మీకు కూడా చేయండి. ఆజ్ఞను వెనకనుంచి చదువుదాం. పొరుగామెను చూసుకొన్నట్టే మిమ్మల్ని మీరు చూసుకోండి."

"గట్ల రాసి లేదు గద సారు!"

"అక్కడ లేదు. మా అలంకారశాస్త్రంలో ఉన్నది. ముఖం చంద్రునివలె ఉన్నదంటే ఉపమ. తిప్పి, చంద్రుడే ముఖంవలె ఉన్నాడంటే ప్రతీపం. ఉపమానం కనబడకుండా పోయినప్పుడు ఉపమేయాన్నే ఉపమానం చేసుకోవచ్చు."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని తెలుస్తూనే ఉన్నది. కూతురు మాత్రం పక్కున నవ్వింది. కూతురు నవ్వుతుంటే తల్లి ఆమెవంక చూసి, కొంచెంసేపాగి, "నా కాలు ఇప్పుడు పక్కింటామెదాయెనా?" అని తానూ నవ్వింది. పోతానని మాత్రం అనలేదు. చాయ తాగి వచ్చేశాను.

నాలుగు రోజుల తరువాత తెలిసింది. ఆ పక్కింటామెనే పిలిచి, పోయినేడు నీకు నేను చేసింది ఇప్పుడు నాకు చెయ్యమన్నదట. ఆమె ఇంకా నాలుగు ఎక్కువ తిట్టి ఆటోలో ఎక్కించుకొని పోయింది. చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. నెలన్నర తరువాత మెత్తని చెప్పులు వేసుకొని మళ్ళీ పొయ్యి దగ్గరకు వచ్చిందట. నాగా పెట్టిన అన్నాళ్ళూ పిల్లలకు అన్నం ఎవరో వండారు.

మార్చిలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ప్రతీపాలంకారానికి ఉదాహరణ దగ్గర ఒక కాగితం మీద చంద్రుడు లేడు. లక్షణం రాయటంలో ఒక మాట తప్పింది. అర మార్కు తగ్గించాను.